మా అన్నయ్య తాగలేదు

రేపల్లెలో ఒక పెళ్ళి. తలంబ్రాలకు ముందు మా అన్నయ్య వెంకటేశ్వర్లు సన్నాయి వాయిస్తున్నాడు. ఉన్నట్టుండి కుడిచేతి ఉంగరం వేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. రంధ్రం మూతపడక స్వరం చీలింది. పక్కన డోలు వాయిస్తున్న నేను దరువు పెంచి కప్పేశాను. అయినా పెళ్ళికూతురి మేనమామ విననే విన్నాడు.

“ఏంటయ్యా, మీ సన్నాయికి జలుబు చేసిందా?” అని నవ్వాడు.

మాది తెనాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే మేళం. అన్నయ్య తప్పు వాయించగా నేను వినడం అదే మొదలు.

తర్వాతి పెళ్ళిలోనూ అంతే. తెనాలిలో ఎముకల డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రే, నర్వ్ కండక్షన్ టెస్టు, అన్నీ నార్మల్. ఆయన అన్నయ్య చేత పిడికిలి పట్టించి, పెన్నుతో రాయించి, “చెయ్యి బాగానే ఉందండి. టెన్షన్ తగ్గించుకోండి” అన్నారు.

నిజమే. చొక్కా గుండీలు పెట్టుకునేవాడు, అన్నం కలుపుకునేవాడు. సన్నాయి పట్టుకుంటేనే వేలు ముడుచుకునేది.

“నీకు సాధన తగ్గింది, అంతే” అన్నాను. రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని రెండు గంటలు వాయింపజేశాను.

“నొప్పేం లేదురా. నా మాట వినట్లేదంతే” అనేవాడు.

నెల తిరిగేసరికి చిటికెన వేలు కూడా ముడుచుకోవడం మొదలైంది.

అన్నయ్య వాయించడం మానేశాక, ఇంకో సన్నాయి మనిషిని పెట్టుకుని మేళం నడుపుతున్న రోజుల్లో బాపట్ల పెళ్ళివారు అడిగారు, “అన్నగారు రావట్లేదేంటండి?” అని. “ఈమధ్య కాస్త తాగుతున్నాడండి” అనేశాను. టీ తప్ప ఎరగని మనిషి. పేరు తెలియని జబ్బంటే మొత్తం మేళాన్నే పిలవరని నా భయం. తాగుడంటే ఆయనొక్కడితో పోతుందనుకున్నాను. ఆ మాట రేపల్లె దాకా పాకింది.

ఏడాది తర్వాత గుంటూరులో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన అడిగిన మొదటి మాట, “సన్నాయి తెచ్చారా?”

తేలేదు. మర్నాడు తీసుకెళ్ళాం. అన్నయ్య పట్టుమని నిమిషం వాయించకముందే ఆయన చాలన్నారు.

“ఇది ఫోకల్ డిస్టోనియా. జబ్బు వేలిలో లేదండి, మెదడులో ఉంది. ఏళ్ళ తరబడి ఒకే పని చేసేవాళ్ళలో కొందరికి, పక్కపక్క వేళ్ళను నడిపే చోట్లు మెదడులో కలిసిపోతాయి. ఒక వేలికి చెప్పింది ఇంకో వేలికీ వెళ్తుంది.”

“సాధన పెంచితే తగ్గదా సార్?” అన్నాను.

“అదేనండి చెయ్యకూడనిది.”

అన్నయ్య నా వైపు చూడలేదు.

ముడుచుకునే కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మొదటిసారి రెండు వారాలు వేలు నిలిచింది, పండగ చేసుకున్నాం. తర్వాత రంధ్రం మూయలేనంత నీరసించింది. డోసు తగ్గిస్తే మళ్ళీ ముడుచుకుంది. వేలికి మొదటినుంచి నేర్పే ఎక్సర్‌సైజులూ చేశాడు. పెళ్ళిలో వాయించేంత తిరిగి రాలేదు.

చివరిసారి తిరిగొస్తూ బస్సులో అడిగాడు, “తాగుడు కాదని ఇప్పుడైనా చెప్తావట్రా?”

మేళానికి పిలిచేవాళ్ళందరికీ చెప్పాను. “తమ్ముడివి కదా, కప్పిపుచ్చుతావులే” అని నవ్వారు. అందుకే ఇలా రాసి, పదిమందిలో పెడుతున్నాను.

అన్నయ్య ఇప్పుడు బాపట్లలో రైసు మిల్లులో బస్తాల మూతులు కుడుతున్నాడు. ఆ చేత్తోనే. సూది ఎక్కడా తప్పదు. అది చూసినవాళ్ళు జబ్బంటే ఎలా నమ్ముతారు? కూనిరాగం తియ్యడం కూడా మానేశాడు.

వాయిద్యం మీద బతికేవాళ్ళకు ఒక మాట చెబుతాను. చెయ్యి మొరాయిస్తే వాయిద్యం వెంట తీసుకెళ్ళి డాక్టరు ముందు వాయించండి. కారణం తేలేదాకా సాధన పెంచకండి. వాళ్ళ ఇంట్లోవాళ్ళూ, ఎవరైనా ఏమైందని అడిగితే తెలియదనండి. నాకు ఆ ఒక్క మాట నోట రాలేదు.