పెదనాన్న చెప్పిన రుచులు

మా పెదనాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గ్రీజు మరక అంటని చొక్కా ఆయనకు ఒక్కటే ఉండేది. దాన్ని పెళ్ళిళ్ళకు కూడా తీసేవాడు కాదు. ఎక్కడైనా ఆహార ప్రదర్శన పెట్టారన్నా, తేనెలూ బిస్కెట్లూ రుచి చూపిస్తున్నారన్నా ఆ చొక్కా ఇస్త్రీ పెట్టె కిందికి వెళ్ళేది. పక్కన మా పెద్దమ్మ తయారు.

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకాలు" అని మా అమ్మ తన అక్కనూ బావనూ కలిపి ఎగతాళి చేసేది. అది అన్యాయం. ఆయనది తిండియావ కాదు. స్టాలువాడు ఇచ్చిన ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లిఫ్టు మోటారు చప్పుడు వింటున్నంత శ్రద్ధగా నమిలేవాడు. ఆ తర్వాత ముందు తప్పులు చెప్పేవాడు. ఉప్పు ఎక్కువైందనో, పాలు కాస్త మాడాయనో. స్టాలువాళ్ళ మొహాలు మాడిపోయేవి. "ఈయన ఒక్క ముక్క మింగేలోపు నేను సగం హాలు చుట్టేసి రావచ్చు" అని పెద్దమ్మ నవ్వేది. నవ్వుతూనే కొంగులో దాచుకొచ్చిన ఇంకో ముక్క ఆయన చేతిలో పెట్టేది.

అలాంటి పెద్దమ్మకు గొంతులో గడ్డ వచ్చింది. కోసి తీశారు, రేడియేషన్ అని కరెంటు పెట్టారు. ప్రాణం దక్కింది గానీ మింగడం పోయింది. ఏది మింగినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని, పొట్టకు గొట్టం అమర్చారు. పెదనాన్న పొద్దున్నే మిక్సీలో అన్నీ గంజిలా రుబ్బి, వడగట్టి, ఆ గొట్టంలో మెల్లగా పోసి పనికి వెళ్ళేవాడు.

ఆయన తిండి మేళాలు మానేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మీరు వెళ్ళి రండి. వచ్చి నాకు చెప్పండి" అంది. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రాలు ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. "ఆ చీజ్ ముందు పాలమీగడలా ఉంటుందే, పోనుపోనూ నాలుక అంచులు పట్టుకుని వదలదు." ఆమె కళ్ళు మూసుకుని ఊఁ కొట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. తినలేని మనిషి ముందు ఈ వర్ణనలేమిటి, పుండు మీద కారం చల్లినట్టు! అదే మాట అమ్మతో అంటే, "మొగుడూ పెళ్ళాల మధ్య నీకెందుకే" అని నా నోరు మూయించింది.

ఒక ఆదివారం ఆయన కాఫీ కంపెనీల ప్రదర్శన నుంచి దాదాపు పరుగున వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"మింగక్కర్లేదే! అక్కడ కాఫీ రుచి చూసేవాళ్ళెవరూ మింగరు. చెంచాతో నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని, ఉమ్మేస్తారు. అందరూ అంతే!"

మర్నాడే డాక్టర్ని అడిగాడు. నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తే ఫర్వాలేదు, దగ్గొస్తే ఆపేయాలి అన్నాడాయన. ప్రదర్శన ఆఖరిరోజున పెద్దమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం. మెడ మీద కుట్లు కనపడకుండా శాలువా కప్పుకుంది. తోసింది నేనే. పెదనాన్న ముందు నడుస్తూ పెళ్ళికొడుకులా అందరికీ దారి తప్పుకోమని చెబుతున్నాడు.

కాఫీ గదిలో ఎర్ర బల్బులు మాత్రం వెలుగుతున్నాయి. రంగు చూసి రుచి తేల్చకూడదని అలా పెడతారట. బల్ల మీద పిడి లేని కప్పులు, ఉమ్మడానికి వేరే గిన్నెలు, చెంచా కడుక్కోవడానికి మధ్యమధ్యలో నీళ్ళ గ్లాసులు. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు కూడా చెంచాతో జుర్రుకుని ఉమ్మేస్తున్నారు. పెద్దమ్మ కూడా మొదటి కప్పులో చెంచా ముంచి, ఆ తడిని నాలుకకు అద్దుకుని ఉమ్మింది. నర్సులా పక్కన నిలబడ్డ పెదనాన్న ఊపిరి వదిలాడు. ఆ గదిలో ఆమె ఎవరికీ జబ్బుమనిషిలా కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది.

రెండో కప్పు అయ్యాక, ఆ మసక వెలుతురులో ఆమె చెంచా పక్కనున్న నీళ్ళ గ్లాసులోకి పోయింది. అది ఎంతోమంది చెంచాలు కడుక్కున్న గ్లాసు. నేను అరిచేలోపే ఆమె ఆ నీళ్ళు నోట్లో ఉంచుకుని, ఉమ్మి, పెదనాన్న వైపు తిరిగింది.

"ఏమండీ, అన్నిట్లోకీ ఇదే బావుంది. ఎంత చిక్కగా ఉందో!"

పెదనాన్న గ్లాసు వైపు చూశాడు. వేళాకోళమేమో, ఇప్పుడు నవ్వుతుందేమో అని ఆమె మొహం వైపు చూశాడు. ఆమె నవ్వలేదు.

"అవునే, ఇదే బావుంది" అన్నాడు.

బయటికొచ్చి, పెద్దమ్మను గేటు దగ్గర ఉంచి, ఆయన ఆటో పిలవడానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. "ఆ కరెంటుతోనే నాలుకకు రుచి కూడా పోయుంటుంది. నాకు చెప్పలేదు" అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను చెబుతుంటే ఊఁ కొట్టింది చూడు." ఆటో వచ్చినా చెయ్యెత్తడం మరిచిపోయాడు.

ఆ తర్వాత కూడా ఆయన ఆదివారాలు వెళ్ళేవాడు. ఒకసారి అటుగా వెళ్తూ చూశాను. మేళా గేటు బయట సిమెంటు బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. లోపలికి పోనేలేదు. పలకరించడానికి నాకు ధైర్యం చాల్లేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే, స్టూలు మీద కూర్చుని తేనె గురించి చెబుతున్నాడు.

"పూల వాసన బావుంది. తీపీ బావుంది. మొత్తానికి చాలా..."

"మీరివాళ ఏమీ తినలేదు" అంది పెద్దమ్మ. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు బొంగురుపోయింది. చిన్నగా అన్నా గదంతా వినపడింది.

"తిన్నానే."

"తింటే ముందు తప్పులు చెప్పేవారు. ఆ కాఫీ గదికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మీకు అన్నీ బావుంటున్నాయి. ఆ రోజు మీరు గ్లాసు వైపు చూడటం నేనూ చూశాను. ఏం చేశానో ఇంటికొచ్చాక అర్థమైంది. నా నోరు పోయిందని మీ నోరూ కట్టేసుకుంటారా?"

పెదనాన్న తల వంచుకున్నాడు. "మరి ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే మీరు గడప దాటేవారా? ఈ మంచం పక్కనే పాతుకుపోయేవారు. నేను పోయాక మిమ్మల్ని బయటికి ఎవరు తరుముతారు?"

పోవడం అన్న మాట అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పెదనాన్న స్టూలు మీంచి కిందికి జారి, ఆమె పాదాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"నాకు భయంగా ఉందే" అన్నాడు.

ఆమె ఆయన తల మీద చెయ్యి వేసింది.

"నాకూ భయంగానే ఉందండీ" అంది.