జింకకు తగ్గ తూటా

పోయిన నెల మా మరిది మనుమరాలి పెండ్లి జన్వాడ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో అయింది. పచ్చగడ్డి మీద నాలుగు సిమెంటు జింకలను నిలబెట్టి, వాటి మెడలకు రంగురంగుల బల్బులు చుట్టిండ్రు. పిల్లలు వాటి వీపుల మీద ఎక్కి దిగుతున్నరు. నేను మోకాళ్ల నొప్పితో ఒక మూల కుర్చీలో కూర్చుంటే, నా మనుమరాలి బిడ్డ వచ్చి నిజం జింక గింత పెద్దగ ఉంటదా అని అడిగింది. లేదు బిడ్డా, మా దిక్కు తిరిగేది మేకంత ఉంటది, అంతే అని చెప్పిన. నీకెట్ల తెలుసు అన్నది. దానికి ఏ తూటా సరిపోతదో చెప్పేదాన్ని నేనే గదా అని నవ్విన. పక్కన కూర్చున్న వియ్యపురాలు నా దిక్కు చూసిన చూపు చూడాలె! ఉల్లిగడ్డ కూడా తినని కోమటింటి ముసలామె నోట్లో ఈ తూటా మాటేందని భయపడ్డట్టున్నది పాపం. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయిన. మీరైతే నా ఈడువాళ్లు, ఆ కాలం చూసినవాళ్లు, మీకు చెప్తే అర్థమైతదని ఇది రాస్తున్న.

నేను చేవెళ్లకు కోడలిగా వచ్చేనాటికి నాకు పద్దెనిమిదేండ్లు. మా తల్లిగారి ఊరు హిమాయత్‌నగర్, పట్నంలది కాదు, మా చేవెళ్ల దిక్కు పల్లె, మా బాపుది అక్కడ చిన్న కిరాణం. పట్నంలో మేనమామ ఇంట్ల ఉండి పదో తరగతి దాకా చదివిన కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలిగేదాన్ని. అత్తగారింట్ల ఆ చదువుతో ఏం పని ఉంటదని మా అమ్మ అనేది, నేనూ అట్లనే అనుకున్న. మా ఆయన ధాన్యం కొనడానికి పొద్దున్నే సైకిలు మీద ఊర్లు తిరగపోయేవాడు, దుకాణం మా మామ చూసుకునేవాడు. ముందర బెల్లం, చింతపండు, దీపాలకు పోసే గ్యాసునూనె పీపా, వెనుక గోడకు ఒక ఇనుప బీరువా, ఆ బీరువాలో తుపాకి తూటాలు. వాటిని అమ్మే లైసెన్సు మా ఇంట్లకు ఎట్ల వచ్చిందో మా మామకే సరిగా తెలియదు, వాళ్ల తాత కాలంలో ఎవరో జాగీరుదారు ఇప్పించిండట. కూరగాయలు తరిగేటప్పుడు పురుగు కనబడితే ఆకు మీదికి ఎక్కించుకొని పెరట్ల విడిచి వచ్చే మా అత్త, ఆ బీరువా దిక్కు కన్నెత్తి చూసేది కాదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా దాని ముందర రెండు జానల జాగ విడిచిపెట్టేది.

అప్పట్లో చేన్లకు జింకల బెడద ఉండేదని మీకు తెలుసు. శనగ మొలక ఎత్తుకున్నదంటే చాలు, పొద్దు పొడవకముందే మందలు మందలుగా దిగి మొదలంట కొరికిపోయేవి. అందుకని కొందరు రైతులు పంట కాపాడుకోవడానికి తుపాకి లైసెన్సు తీసుకునేవాళ్లు. అట్లాంటివాళ్లలో మా హిమాయత్‌నగర్ రైతు ఒకాయన ఉండె. ఊరి వరుసకు నేను ఆయనను పెద్దన్నా అనేదాన్ని. ఆయన దగ్గర వాళ్ల నాయిన కొన్న పాత రైఫిలు ఉండేది. ఆయన లెక్క తప్పి కాల్చేవాడు కాదు. ఏడాదికి మూడో నాలుగో తూటాలు, అంతే.

నేను కాపురానికి వచ్చిన ఆరు నెలలకనుకుంట, ఒకనాడు పొద్దున పది గంటలకు పెద్దన్న దుకాణానికి వచ్చిండు. నేను, మా అత్త లోపల్నుంచి వింటున్నం. అత్త చాటలో బియ్యం చెరుగుతున్నది. పెద్దన్న ఎప్పుడొచ్చినా నా మంచిచెడ్డ అడిగి, మా అమ్మ పంపిన సంచి ఇచ్చి, ఆ తరువాత మాట్లాడేవాడు. ఆనాడు అదేం లేదు.

"శావుకారీ, నువ్విచ్చింది మెత్తమూతి తూటా కాదు," అన్నడు.

"అదే ఇచ్చిన పటేలా, ఎప్పటి తీరే," అన్నడు మామ.

"జింక పక్కల దూరి, బయటపడి అవతల గట్టు మీద దుమ్ము లేపింది. నేను కండ్లార చూసిన."

ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ మాట మాట యాది ఉన్నది. తూటా తగిలినంక జింక ఒక్క ఎగురు ఎగిరి, ఏం కానట్టే ఉరికిందట. కుంకుమ చుక్కల తీరుగ నెత్తురు అక్కడొకటి అక్కడొకటి పడితే, వాటిని పట్టుకొని పొద్దూకిందాక తిరిగిండట. బండల మీదికి పోయినంక చుక్కలు కూడా దొరకలేదు. మరునాడు పగటీలి, ఎండ నెత్తి మీదికొచ్చినంక, వాగు ఒడ్డున తుమ్మ పొద కింద కనబడ్డది, ఇంకా పానం ఉన్నది. లేవలేదు, ఉరకలేదు, ఊరికె చూసిందట. కత్తితో దాని బాధ తీర్చి, అక్కడనే గుంత తవ్వి పూడ్చిపెట్టిండట. ముప్పై ఏండ్ల సంది కొడుతున్న గాని శావుకారీ, గిట్ల ఎన్నడు కాలేదు, నిన్నటి సంది బువ్వ పోతలేదు అన్నడు. నా పక్కన చాట చప్పుడు ఆగిపోయింది.

మామ బీరువా తెరిచిన చప్పుడు వినబడ్డది. తలుపు సందులకెళ్లి చూసిన. ఆయన ఒక డబ్బా తీసి ముఖానికి ఆనించుకున్నడు, దూరం పెట్టి చూసిండు, వెలుతురు దిక్కు తిప్పిండు, మళ్లా దగ్గరికి తెచ్చుకున్నడు. నాకు ఒక్కసారి అన్ని సంగతులు కలిసినయి. మనుషులను మాటతోనే గుర్తుపట్టేది, మెట్టు దిగేటప్పుడు గోడ తడిమేది, నేను వడ్డించిన అన్నంలో చెయ్యి పెట్టి వెతుక్కునేది. మామకు కండ్లు కనబడ్తలేవు! ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరికీ చెప్పకుండ డబ్బాలను పెట్టిన జాగను బట్టి గుర్తుపట్టి అమ్ముతున్నడు. కొత్తగ వచ్చిన డబ్బాలేమో ఒక జాగలోది ఇంకో జాగకు మారినట్టున్నయి.

కొత్త కోడలు బజారు దిక్కు దుకాణంలోకి పోవుడు ఆ రోజుల్లో ఎంత తప్పో మీకు నేను చెప్పపనిలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కొని పోయిన. మామ చేతుల్లోంచి డబ్బా మెల్లగ తీసుకొని, దాని మీద ఉన్న చిన్న అక్షరాలు చదివిన.

"ఇది గట్టిమూతి మామా. మెత్తమూతిది కింది అరలో ఉన్నది."

మామ నా దిక్కు చూడలేదు. పెద్దన్న ఆయన ముఖం చూసిండు, నా ముఖం చూసిండు, అంతా అర్థమైంది. బజారులో నలుగురు నిలబడి చూస్తున్నరు. ఆయన ఒక్క మాట అంటే మామ ఇజ్జత్ ఆనాడే పోయేది. కానీ ఆయన, "డబ్బాలు మారినయి, అంతే గదా, ఎవరికైనా అయితది," అని గట్టిగ అందరికీ వినబడేటట్టు అని, మిగిలిన తూటాలు గల్లపెట్టె పక్కన పెట్టి పోయిండు.

ఆ పూట మామ అన్నం ముట్టలేదు. లైసెన్సు వాపస్ ఇచ్చేస్తనన్నడు. మా ఆయన అట్లనే చెయ్యుమన్నడు. నేను, అత్త సంతోషపడ్తదనుకున్న, పాపం పోయిందంటదనుకున్న. ఆమేమో, "మనం అమ్మకపోతే పట్నంలో కొంటరు, కొట్టుడు ఆపుతరా? అక్కడ ఎవరు చూసి ఇస్తరు? అమ్మేదుంటే జర సక్కగ చూసి అమ్మాలె. పిల్లకు చదవొస్తది గదా," అన్నది. ఆ మాట మా అత్త నోట్లోంచి వచ్చిందని మా ఆయన చాలా ఏండ్లు ఆశ్చర్యంగ చెప్పుకునేవాడు. తూటా ముట్టుకున్న చేతులు పసుపునీళ్లతో కడుక్కొని వంటింట్లకు రావాలన్నది ఒక్కటే ఆమె షరతు.

అట్ల నేను బీరువా ముందర కూర్చున్న. చదువుడు వచ్చు గాని, ఏది దేనికో నాకేం తెలుసు? తరువాతి వారం పెద్దన్న వస్తే అడిగిన. పొట్లాలు కట్టే కాగితం మీద పెన్సిలుతో జింక బొమ్మ వేసి, కోపం లేకుండ చెప్పిండు. గట్టిమూతి తూటాకు కొస దాకా రాగి తొడుగు ఉంటది, జింక పక్కలు పలచన కాబట్టి అది సూది తీరు దూరి అటు బయటపడ్తది, పానం పోదు, జింక ఉరికి ఎక్కడనో చస్తది. మెత్తమూతిదైతే కొసకు సీసం బయటికి ఉంటది, లోపల విచ్చుకొని అక్కడనే ఆగుతది, జింకకు తెలిసేలోపల పని అయిపోతది. అట్లని పెద్ద జంతువులకు వాడే బరువు తూటా పెడితే చిన్న పానాన్ని చీల్చి పారేస్తది. మరీ చిన్న తూటా తోలు కింద ఆగి గోస పెడ్తది. "దాని బరువుకు తగ్గది చూడాలె చెల్లె, మన బలానికి తగ్గది కాదు," అన్నడు. ఆ మాట నాకు తూటాల సంగతిగానే కాదు, పిల్లలను పెంచేటప్పుడు కూడా పనికొచ్చింది.

ఒకనాడు తూటాలు సర్దుతుంటే మెత్తమూతి కొస మీద నా గోరు గీత పడ్డది. గట్టిమూతి మీద గీకి చూసిన, గోరు జారిపోయింది. మామ చేతికి రెండూ ఇచ్చి, గోటితో చూడుమన్న. ఆయన ఒకటి చూసిండు, ఇంకొకటి చూసిండు, మళ్లా మొదటిది చూసిండు. అన్ని రోజుల తరువాత ఆయన ముఖంలో నవ్వు చూసిన. ఆనాటి నుంచి నేను డబ్బా చదివి ఇచ్చేది, ఆయన ఒక్కొక్క తూటా గోటితో చూసి చేతిలో పెట్టేది. ఇద్దరం కలిస్తే ఒక దుకాణదారు!

ఆ చలికాలంలోనే పెద్దన్న మేం చూసి ఇచ్చిన తూటాతో చేనుకు పోయిండు. రెండు రోజులు నాకు కాలు నిలవలేదు. మూడోనాడు వచ్చి, నిలబడ్డ జాగలనే ఒరిగింది చెల్లె, కన్ను కూడా ఆర్పలేదు అన్నడు. నాకు దుఃఖమొచ్చింది, పానం నిమ్మళమూ అయింది. రెండూ ఒక్కసారి ఎట్ల వస్తయో నన్నడగకండి. పెరట్లకు పోయి ఏడ్చి, పసుపునీళ్లతో చేతులు కడుక్కొని, పప్పు పొయ్యి మీద పెట్టిన.

తరువాత్తరువాత నాకు ధైర్యమొచ్చింది. ఒకసారి పట్నం నుంచి జీపులో వచ్చినవాళ్లు, జింకలకే, గట్టిమూతి తూటాలు అడిగిండ్రు. ఇయ్యనన్న. పప్పుచారు తినేటోళ్లకు వేట సంగతి ఏం తెలుసమ్మా అని నవ్విండ్రు.

"మీరు తినేటోళ్ల దిక్కు మాట్లాడుతున్నరు సారు, దాని దిక్కు కూడా ఎవరన్న ఒకరు మాట్లాడాలె గద," అన్న.

మామ పక్కకు తిరిగి నవ్వుకున్నడు. వాళ్లు గొణుక్కుంటనే మెత్తమూతివి తీసుకొని పోయిండ్రు.

కొన్నేండ్లకు వేట బందు పెడుతూ చట్టమొచ్చింది. మామ ఉన్న తూటాలన్నీ ఠాణాలో అప్పజెప్పి, లైసెన్సు వాపస్ ఇచ్చిండు. బీరువాలో మా అత్త సబ్బులు, అగరువత్తులు సర్దింది. పెద్దన్న కూడా రైఫిలు ఇచ్చేసి వచ్చిండు. పంట పోతది గదా అన్నా అంటే, పోతే పోనీ, ఇన్నేండ్లు అవి నాకు భయపడ్డయి, ఇగ నేను మంచె మీద డబ్బా కొట్టుకుంట కూర్చుంట అన్నడు. బతికినన్ని రోజులు అట్లనే కూర్చున్నడు. జింకలు ఆయన డబ్బాకు భయపడుడు మానేసి, మంచె కిందనే మేసేవట. ఆయన అది తిడుతున్నట్టే చెప్పేవాడు, కానీ ముఖం నిండ నవ్వే.

ఆ ఏడాదే మామకు పట్నం దవాఖానలో కండ్ల ఆపరేషన్ అయింది. పట్టీ విప్పినంక మా అత్తను, మా ఆయనను చూసి, నా దగ్గరికి వచ్చి చానాసేపు ఆగిండు. పెండ్లినాటికే ఆయన చూపు మసకబారిందట. ఇన్నేండ్లు నా ముఖం ఎట్లుంటదో తెలియకుండనే బిడ్డా బిడ్డా అని పిలిచిండు. నువ్వు మా అమ్మ పోలిక ఉన్నవు బిడ్డా అన్నడు. ఇంటికి వచ్చినంక దుకాణం ఆయన చేతికి ఇయ్యబోతే తీసుకోలేదు, నాకు కనబడ్తున్నది గాని కూర్చునేది నువ్వే అన్నడు. నలభై ఏండ్లు కూర్చున్న. ఇప్పుడు ఆ జాగల మొబైల్ దుకాణం ఉన్నది, కిరాయి నా పేరు మీదనే వస్తది. నా బతుకు మీద నాకు ఏ ఫికరూ లేదు, ఏ ఫిర్యాదూ లేదు.

ఒక్కటే. ఈ నడుమ మా కొడుకు కార్ల హిమాయత్‌నగర్ తీసుకపోయిండు. పెద్దన్న శనగ చేను ఉన్న జాగ చూద్దామంటే, నిలువెత్తు గోడ, గోడ మీద గాజుపెంకులు, గేటు దగ్గర కాపలాదారు. ఆ పక్కదీ గోడే, దాని పక్కదీ గోడే. ఆ దిక్కు ఊరే చందనవెల్లి, అక్కడి దాకా పోయినం, అక్కడ కంపెనీలు, కిటికీలు లేని పెద్ద పెద్ద బిల్డింగులు. వాగు ఒడ్డు ఎటు పోయిందో నాకు దొరకలేదు. షేర్ ఆటో కోసం నిలబడ్డ ఒక ముసలాయనను ఇక్కడ జింకలు కనబడ్తయా అని అడిగితే, ఆయన నన్ను వింతగ చూసి, జింకలెక్కడివి అవ్వా అన్నడు. ఒక జింక గోస పడి చచ్చిందని ఒక రైతుకు బువ్వ పోలేదు, ఒక శావుకారి లైసెన్సు ఇడిచిపెడ్తనన్నడు, పురుగును చంపని మా అత్త తూటాల మీద మాట చెప్పింది. వాటిని చంపుకుంటనే వాటి సంగతి అంత ఆలోచించినం. ఇప్పుడు ఎవ్వరూ చంపలేదు. ఒక్క తూటా చప్పుడు కాలేదు, ఒక్క నెత్తురు చుక్క పడలేదు. మంద మందంతా పోయింది, ఏనాడు పోయిందో చెప్పేటోళ్లు కూడా లేరు.