గురువారం తేదీ వేసిన వకాలతు

మా వృత్తి సంఘానికి నేనిచ్చిన ఫిర్యాదుకు ఇంతవరకు జవాబు లేదు. అందిందన్న ముక్క కూడా రాయలేదు. గుర్తుచేస్తూ పదకొండు ఉత్తరాలు రాశాను. ఇక పాఠకులకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో జూబ్లీహిల్స్‌లో పేరున్న ఒక క్రిమినల్ లాయరు దగ్గర జూనియర్‌గా ఉండేవాణ్ణి. సినిమావాళ్లు వస్తే ఆయన నన్ను "మా టైపిస్టు" అని పరిచయం చేసేవారు. అప్పటికి నేను నల్లకోటు వేసుకుని ఆరేళ్లు.

ఒక గురువారం మల్లేశ్ అనే మనిషి వకాలతు మీద సంతకం చేయడానికి వచ్చాడు. తన తరఫున ఫలానా లాయరు వాదిస్తాడని కక్షిదారు ఇచ్చే కాగితం అది. తన ఎదుటే సంతకం చేశాడని కింద ఒక లాయరు ధ్రువీకరించాలి. ఆ పని నాది. మల్లేశ్ స్థలాలు ఖాళీ చేయించే ముఠా మనిషని ఆఫీసులో అందరికీ తెలుసు. క్రైమ్ నంబర్, అంటే పోలీసులు కేసుకు వేసే సంఖ్య, చెప్పమన్నాను.

"ఇంక పడలే సార్. పడ్డంక మీ పెద్దసారు రాసుకుంటడు. మీకేం ఫికర్?"

ఏదో పాత గొడవ అనుకున్నాను. మా ఆఫీసులో తేదీ ఖాళీగా వదిలేస్తారు. నాకది నచ్చదు. నా సంతకం కింద ఆ రోజు తేదీ వేశాను.

శనివారం పొద్దున ఫిలింనగర్‌లో, సినిమా దుస్తులు కుట్టే సత్తయ్య షెడ్డులోకి ఇద్దరు చొరబడ్డారు. స్థలం వదలనన్నందుకు అతని కుడిచేతిని షట్టర్ కింద పెట్టి నలిపారు. సోమవారం ఎఫ్ఐఆర్ నకలు నా బల్ల మీదికి వచ్చింది. మొదటి నిందితుడు మల్లేశ్.

వకాలతు తీసుకుని సీనియర్ గదిలోకి వెళ్లాను. ఆయన తేదీ చూశారు.

"ఇది ఎవరు వేయమన్నారయ్యా నిన్ను?"

ముందే సంతకం ఎందుకు తీసుకున్నామని అడిగాను. క్లయింట్ల సంతకాలు ముందే తీసుకుని ఉంచుకోవడం మామూలేనని, అనుమానాలు ఇంటి దగ్గర పెట్టి రమ్మని అన్నారు. తేదీ వేయని ఇంకో వకాలతు నా ముందుకు తోశారు. దాని మీద మల్లేశ్ సంతకం అప్పటికే ఉంది. భయపడి నేనూ సంతకం చేశాను. పాతది చించేయమని నా చేతికే ఇచ్చారు. టైపిస్టు చించేస్తాడనుకున్నారు. నేను చించలేదు.

మల్లేశ్‌కు బెయిలు వచ్చింది. ఆ వారమే ఆ ఆఫీసు మానేసి, రహమత్ నగర్‌లో సత్తయ్య ఇంటికి వెళ్లి కాగితం చూపించాను. అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని తేదీ చదివాడు.

"గురువారం నాడే ఎరుకనా సార్ మీకు?"

కాగితం తెలుసు, సంగతి తెలియదన్నాను.

"మరి మీ పెద్దసారుకు?"

అది తేల్చాల్సింది సంఘం. ఫిర్యాదు ఇచ్చింది అందుకే.

క్లయింటు రహస్యం బయటపెట్టానని సంఘం పెద్దమనిషి ఒకాయన కోర్టు వరండాలో నన్ను బెదిరించాడు. చేయబోయే నేరానికి తోడ్పడే మాట రహస్యం కిందికి రాదని చట్టమే చెబుతోంది. అది చెప్పేలోగా ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి తేదీ లేని కాగితం మీద నేను సంతకం చేయలేదు. రెండో వకాలతు మీద అబద్ధపు ధ్రువీకరణ నాదే. ఫిర్యాదులో తప్పు చేసినవాళ్ల జాబితాలో మొదట నా పేరే రాశాను. నాకు ఏ శిక్ష వేస్తారో వేయండి. కాని సత్తయ్య అడిగినదానికి సంఘం అధ్యక్షులవారు రాతపూర్వకంగా జవాబివ్వాలి. శనివారం జరగబోయేది మా సీనియరుకు గురువారం నాడే తెలుసా, తెలియదా?