మామగారి స్లాగ్ గారెలు

గత నెల ఒక మంగళవారం పొద్దున, సగం తాగిన టీ గ్లాసు పక్కన పెట్టి, మా మామగారు కన్నుమూశారు. ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లారని సందులో వాళ్లంతా అన్నారు. నాకూ అదే తృప్తి. అయితే పెరటి గట్టు మీద, తడి గోనె కింద, ఆయన ముందురోజు ఒత్తి పెట్టిన మూడు సిమెంటు బిళ్లలు ఉండిపోయాయి.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో రిటైరయ్యేదాకా ఇనుము పోతపోశారు. దేన్నైనా వేలి కణుపుతో తట్టి, లోపల పగులుందేమోనని చెవి ఒగ్గడం అక్కడ అబ్బిన అలవాటు. కొత్త కుండనూ తట్టేవారు, నేను అలికిన పొయ్యిగట్టునూ తట్టేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఊరి బయట స్లాగ్‌తో దారి బిళ్లలు చేసే చిన్న యూనిట్‌లో చేరారు. లోహం కరిగేటప్పుడు పైకి తేలే చిట్టెమే స్లాగ్. ఎవరూ తీసుకోకపోతే దాన్ని లారీల్లో తెచ్చి వరిమళ్ల పక్క పల్లంలో కుమ్మరిస్తారు. ఆ గుట్టల్ని చూసినప్పుడల్లా ఆయనకు అన్నం సయించేది కాదు.

ఖరగ్‌పూర్‌లో మేముండే పూరీ గేట్ పేటలో మా సందు ఎప్పుడూ బురదే. రెండేళ్ల కిందట విశ్వకర్మ పూజ దగ్గర పడుతుంటే, విగ్రహం నిలిపే చోటికైనా గట్టి నేల ఉండాలని ఆయన తొందరపడ్డారు. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగిన స్లాగ్‌తో బిళ్లలు పోయించి, సందంతా పరిపించారు. పూజ బ్రహ్మాండంగా జరిగింది. మరుసటి వానాకాలానికి బిళ్లలు ఉబ్బి పగిలాయి. ఎదురింటి బెంగాలీ దీదీ కాలు తట్టుకుని పడబోయింది. ముప్పై ఏళ్లుగా మా మధ్య ఉండి మా తెలుగే నేర్చుకున్న మనిషి.

"ఏటి దాదా, రాస్తా పాపడ్ లాగ లేసిపోయింది! ఇంక మీ ఫ్యాక్టరీ చెత్త మా గుమ్మం ముందుకి తేవద్దు. ఆ పల్లంలోనే పారబోసుకోండి."

సందంతా దీదీ మాటకే తలూపింది. ఆయన రోజుకు కొన్ని చొప్పున పగిలిన బిళ్లలన్నీ గునపంతో తనే పెకలించారు.

"తప్పు నాదే తల్లీ," అన్నారు మొదటి రోజు సాయంత్రం నాతో. "మా ఫౌండ్రీలో స్లాగ్ గాజులాగుంటాది. సల్లారితే సచ్చినట్టే. ఈ ఉక్కు స్లాగ్ వేరు. లోపల సున్నం ఇంకా బతికే ఉంది. నీళ్లు తాగి ఉబ్బినాది. అనుభవం ఉందని అడక్కుండా సేసినాను."

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టుదల: దీదీ తన నోటితో మళ్లీ "వెయ్యండి" అనాలి. యూనిట్‌లో ఒక గుట్టను విడిగా పెట్టి, ఏడాదిపాటు ఎండకీ వానకీ వదిలేసి, పొడి రోజుల్లో నీళ్లు చల్లించారు. ఆ ఏడాదంతా మధ్యమధ్య అందులోంచి గుప్పెడు తెచ్చి నూరి, సిమెంటు కలిపి, బిళ్లలు ఒత్తి నా వంటింటికి తెచ్చేవారు. సున్నం బతికుంటే ఉడుకులో బిళ్ల పగులుతుందట.

"నా గిన్నెల్లో కుదరదు మావయ్యా," అన్నాను.

"నీ గిన్నెలెవరికి కావాలి? పాత సొట్ట సత్తు గిన్నె ఇయ్యి, సాలు."

పెరట్లో పాత పొయ్యి మీద ఆ గిన్నె ఎక్కింది. ఒత్తేటప్పుడు ప్రతి బిళ్ల నడుమా బొటనవేలు నొక్కేవారు కాబట్టి మా ఇంట్లో వాటి పేరు గారెలు. ఏ తేదీ గారె, ఎంతసేపు ఉడికింది, ఎక్కడ చిట్లింది అన్నీ నేను నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఆయన గుమ్మంలోంచే అడిగేవారు:

"ఏటి తల్లీ, గారెలు ఉడికినాయా?"

"ఉడికాయి. రెండు పగిలాయి మావయ్యా."

"రాసుకో. ఏదీ దాసీకు. పగిలిందే మనకి పాఠం సెప్తాది."

మొదట్లో అన్నీ పగిలేవి. తర్వాత సగం. చివరి నెలల్లో అంచున వెంట్రుకంత గీత మాత్రం మిగిలింది. ఆ గీత కూడా పోవాలని ఆయన మళ్లీ గుట్టను తడిపించారు.

పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక ఆ మూడు బిళ్లలూ తీసి, సత్తు గిన్నెలో వేసి, గడియారం చూసి మూడు గంటలు ఉడికించాను. బయటికి తీసి, ఆయనలాగే వేలి కణుపుతో తట్టాను. మూడూ ఖంగుమన్నాయి. నోట్‌బుక్‌లో "పగుళ్లు లేవు" అని రాసి, నోట్‌బుక్‌తో సహా దీదీ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నోట్‌బుక్‌లో బిళ్లలు పగిలిన రోజులన్నీ ఓపికగా వేలు పెట్టి చూసింది. చివరి బిళ్లను చేతిలో తిప్పింది. బొటనవేలి గుంటలో తన వేలు పెట్టి చూసుకుంది.

"దాదా వేలు ఇంత పెద్దదా?" అంది. బిళ్ల తిరిగి నా చేతిలో పెట్టి, "వెయ్యండి. ముందు మా గుమ్మం నుంచే మొదలెట్టండి," అంది.

ఆయన గుట్టతోనే యూనిట్‌ వాళ్లు కొత్త బిళ్లలు పోసి పరిచారు; నిన్నటితో సందు పూర్తయింది. నేను ఉడికించిన మూడు గారెల్లో రెండు యూనిట్‌ వాళ్లు అడిగి పట్టుకెళ్లారు. మూడోది మా ప్రహరీ మీద పెట్టాను. రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే ఆయన బొటనవేలి గుంటలో చెంచాడు నీళ్లు నిలిచి ఉన్నాయి. పిచ్చుక ఒకటి వచ్చి, తల వంచి తాగుతోంది.