తుంటి గిన్నె మీద నా బొటనవేలు

మా కంపెనీలో ఆవిడను అందరూ తూకాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఒకే గదిలో, ఒకే త్రాసు ముందు కూర్చుంటోంది. అంతకుముందు మందుల దుకాణంలో పొట్లాలు కట్టేదట. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. "అక్కడ తూచి తూచి విసిగిపోయి, ఇక్కడ గుప్పిటతో పోస్తుందయ్యా మీ అక్క!" అని బావగారు నా దగ్గర మొరపెట్టుకుంటారు.

మేం తుంటి కీళ్లు చేస్తాం. తుంటి అరిగినవాళ్లకు డాక్టర్లు లోపల బిగించే బంతి, అది తిరిగే ప్లాస్టిక్ గిన్నె. ఆమధ్య గిన్నె ప్లాస్టిక్ మార్చాం. మార్చామని అమ్మేయడానికి లేదు. అనుమతులిచ్చే ఆఫీసుకు రుజువు చూపాలి. అందుకని మూడు గిన్నెల్ని యంత్రంలో బిగించి యాభై లక్షల అడుగులు నడిపించారు. ఐదు లక్షలకోసారి ఆపి, కడిగి, ఆరబెట్టి తూకాలక్క తూచేది. ఎంత బరువు తగ్గితే అంత అరిగినట్టు. ఆవిడ సంతకం లేనిదే ఆ కాగితం ఫైలెక్కదు. ఫైలు రాసే గుమాస్తాను నేను.

తొమ్మిది తూకాల్లోనూ మూడూ కూడబలుక్కున్నట్టు మిల్లీగ్రాము చొప్పున తగ్గాయి. పదోసారి, ఫైలు పంపాల్సిన రోజున, రెండే తగ్గాయి. మూడోది తగ్గనేలేదు.

మేనేజరు మురిసిపోయాడు. "అరక్కపోతే మంచిదేగా అక్కా! సంతకం పెట్టెయ్."

"మంచిదే సార్. ఎందుకు మంచిదో తెలిస్తే పెడతా."

"ఒక్క మిల్లీగ్రాము! చీమంత లేదు!"

"ఆ చీమ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలిగా."

ఆవిడ దీపం కింద గిన్నెను తిప్పి, అంచున ఓ జిడ్డు మరక మీద చూపు నిలపగానే నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. పొద్దున ఆవిడ గిన్నెల్ని కడిగి ఆరబెట్టి, తూచేముందు రికార్డు పుస్తకం కోసం బయటికెళ్లినప్పుడు నేను లోపలికి దూరాను. యాభై లక్షల అడుగులు నడిచిన వస్తువు ఎలా ఉంటుందో చూద్దామని ఒకదాన్ని ఎత్తి పట్టుకున్నాను.

"అక్కా... అది నా బొటనవేలు."

"ఏం తింటున్నావ్ అప్పుడు?"

"వేయించిన వేరుశెనగలు."

"ఉప్పా, కారమా?"

"రెండూ."

తిట్టలేదు. మళ్లీ కడిగింది, ఆరబెట్టింది, తూచింది. సరిగ్గా మిల్లీగ్రాము తగ్గింది. నా జిడ్డు వేలిముద్ర ఐదు లక్షల అడుగుల అరుగుదలంత బరువుంది! అరవై ఏళ్లకు దగ్గరపడ్డ ఆ కళ్లు దాన్ని పట్టుకున్నాయి.

కాగితం మీద ఇలా రాసింది: 'మూడో గిన్నెను ఒకరు ఒట్టి చేత్తో తాకారు. కడిగి మళ్లీ తూచాను. రెండు అంకెలూ ఇస్తున్నాను.'

మేనేజరు లబోదిబోమన్నాడు. "ఇది చూస్తే పరీక్షంతా మళ్లీ మొదట్నుంచి చేయమంటారు! ఏడాది పని గంగలో కలుస్తుంది. ఆ ముక్క తీసెయ్."

"తీసేస్తే నా సంతకం కూడా తీసేయండి సార్."

ఆ వాక్యాన్ని నేనే, ఆ చేత్తోనే టైపు చేశాను.

రెండు నెలలకు అనుమతుల ఆఫీసువాళ్లు మమ్మల్ని విచారణకు పిలిచారు. పెద్ద వయసు అధికారిణి సరిగ్గా ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఈ 'ఒకరు' ఎవరు?"

మేనేజరు పైకప్పు పరిశీలించసాగాడు. నేను చెయ్యెత్తాను.

"కడుక్కున్నారా?" అంది. గదంతా నవ్వింది. తర్వాత తూకాలక్క వైపు తిరిగింది. "రాయకపోతే మాకు తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదండీ. అందుకే రాశాను."

అధికారిణి కలం తీసి, తూకాల గురించి అడగాలనుకున్న ఏడు ప్రశ్నల్నీ కొట్టేసింది. "ఈ గిన్నెకు అనుమతి ఇవ్వొచ్చు," అని పక్కనున్నాయనతో అంది.

నేను ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి తూకాలక్కనే చూస్తున్నాను.