తెర తుడిచే ఆపరేటరు

ట్రాఫిక్ కంట్రోల్ రూములో పనిచేసే ఆ ఆపరేటరు జేబులో ఎప్పుడూ ఒక పసుపురంగు గుడ్డ ఉంటుంది. గోడనిండా ఉన్న తెరల మీద ఊళ్లోని కూడళ్లన్నీ కనిపిస్తాయి. ఎర్రలైటు దగ్గర ఎవడైనా కారు అద్దం దించి ఉమ్మితే, ఇతను లేచి వెళ్లి తెర మీద ఆ చోటు తుడిచి వస్తాడు. "ఉమ్మింది రోడ్డు మీదండీ, మన తెర మీద కాదు" అని పక్కసీటావిడ నవ్వుతుంది. ఇతను నవ్వడు. మనుషుల్ని ఇంత దగ్గరగా చూపించే కెమెరాల్ని కనిపెట్టినవాణ్ణి మనసులోనే తిట్టుకుంటాడు. ఆ ఉద్యోగంలో అతనికి నచ్చింది ఒక్కటే. అంబులెన్సు బయల్దేరగానే దాని దారిలోని సిగ్నళ్లు వాటంతటవే వరసగా పచ్చబడతాయి. అప్పుడు మాత్రం కళ్లార్పకుండా చూస్తాడు. మొన్న అలా చూస్తుండగానే ఒక తెల్లకారు అంబులెన్సు వెనకే అంటుకుని కూడళ్లన్నీ దాటేసింది. ఆసుపత్రి మలుపులో దానికే అడ్డంపడి ముందుకు దూరింది. అంబులెన్సు గక్కున ఆగిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్తే వాకిట్లో అదే కారు. కొత్తగా కొన్నానని చూపించడానికి బావమరిది వచ్చాడు.

"మీ సిస్టమ్ వల్ల లాభమేంటో ఇవాళ తెలిసింది బావా. అంబులెన్సు తోక పట్టుకున్నాను, ఒక్క ఎర్రలైటు తగిలితే ఒట్టు" అంటూ భుజం తట్టాడు.

"అందులో ఎవరున్నారో?"

"ఎవరైతే ఏంటి బావా, మనవాళ్లు కాదుగా."

ఆపరేటరు జేబులోంచి గుడ్డ తీసి, బావమరిది చూస్తుండగానే తన భుజం తుడుచుకున్నాడు.