పెంటయ్య, సమూయేలు

పసిపిల్లల తలకు వేసే సాంబ్రాణి పొగ వాసన తగిలితే సెమిలిగుడలో మా పక్కింటి రాహేలత్త గుర్తొస్తుంది.

నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని నాన్నమ్మ నన్ను పెంటకుప్పమీద పడుకోబెట్టి తీసి, పెంటయ్య అని పేరు పెట్టింది. అత్తకు ఆ పేరు నచ్చక నన్ను ‘రాజా’ అనేది. ఇద్దరు బిడ్డలు పోయాక ఆమెకు కొడుకు పుట్టాడు. సమూయేలు అని పేరు పెట్టింది.

“అంటే ఏటమ్మీ?” అంది నాన్నమ్మ.

“దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నోడని, పిన్నీ.”

“అంత ముద్దుపేరెట్టి సావుకి సూపించకమ్మీ. మావోడిలాగే పెంటడను.”

అత్త నవ్వేసింది. “దేవుడిచ్చినోణ్ణి పెంటంటానేటి?”

ఆ వానాకాలం జ్వరంతో సమూయేలు పోయాడు. ఆ తరవాత అత్త నన్ను రాజా అనలేదు. గడపలో నిలబడి “పెంటయ్యా” అని పిలిచేది. వాడు పోయి నేను మిగిలానని కోపమనుకున్నాను.

పెద్దయ్యాక లైబ్రరీలో హీబ్రూ పేర్ల గురించి దొరికినదంతా చదివాను. సమూయేలు అంటే ‘దేవుని పేరు’ అని పండితులు అంటారు. ‘అడిగి తెచ్చుకున్నవాడు’ అన్నది బైబిల్లో ఆ పేరుగల ప్రవక్తను కన్నతల్లి చెప్పుకున్న అర్థం. పిలిచేవాళ్ల మనసులో ఉన్నదే పేరుకు అర్థమని తోచి, అది చదివినరోజే అత్త పిలుపు నాకు అర్థమైంది. నన్నైనా చావు కంటపడకుండా దాచాలనుకుంది.

ఇప్పుడు అందరూ నన్ను పి. రావుగారంటారు. పెంటయ్యా అని పిలిచేవాళ్లు లేరు.